గ్యాస్‌నొప్పికి మొక్కిన నడక

నాకు జరిగిన ఏ సంగతినీ దాని అసలు కొలతలో చెప్పిన పాపాన నేను ఏనాడూ పోలేదు. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో మా ఇంటి వెనకాల ఉడుత కనబడితే, సోమవారం ఆఫీసుకి చేరేసరికి అది నక్క అవుతుంది. శనివారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి ఎలుగుబంటి అవుతుంది. స్నేహితులకు అలవాటైపోయింది. నేను ఎలుగుబంటి అనగానే లోపల ఉడుత అని సవరించుకుని, మర్యాదకి కాస్త భయపడి, పెరుగన్నం కలుపుకుంటారు.

ఈ సవరణ చేసుకోలేని మనిషి భూమండలం మీద ఒక్కతే ఉంది. మా అక్క.

నాకంటే పదేళ్ళు పెద్దది. నన్ను చంకన వేసుకుని గుంటూరంతా తిప్పిన మనిషి. ఇప్పుడు దేశానికి ఆ కొసన, బాతెల్‌లో ఉంటుంది. అక్కడొక ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయింది. ఒక్క చుక్క తేడా వచ్చినా మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టే రకం. పక్కింటాయన వాన పడుతోందన్నా కిటికీ తీసి చెయ్యి చాపి చూసుకుంటుంది. కానీ నా మాట దగ్గరకి వచ్చేసరికి ఆ చెయ్యి చాపదు. చిన్నప్పుడు నేను కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టిన ప్రతిసారీ నిజంగా వాము నూరి తెచ్చింది ఆవిడే.

ఇక నా గుండెపోటు సంగతి. అది గుండెపోటు కాదని ముందే చెప్పేస్తున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేశారు. నేను ఎన్ని తిన్నానో చెప్పను, ఆ నూనెతో ఒక మోస్తరు గుళ్ళో ఏడాదిపాటు దీపం వెలిగించవచ్చు. సాయంత్రానికి ఛాతీ మీద ఏనుగు వచ్చి కూర్చుంది, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని. మా ఆవిడ కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వాళ్ళు నన్ను పడుకోబెట్టి ఒంటినిండా వైర్లు అంటించారు. మా ఆవిడ కారు పార్క్ చేసి వచ్చేలోగా, ఖాళీగా ఉండటం నా ఒంటికి పడదు కనక, అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, ఇక నేను ఉండనే. గీతలన్నీ పడుకుంటున్నాయి. నాకు కనబడుతోంది. పిల్లల్ని చూసుకో."

నాకు కనబడుతున్నది పక్క మంచం తాలూకు మానిటర్. ఆ మంచంలో ఎవరూ లేరు.

అంతలో నర్సు వచ్చి ఫోన్ తీసి సంచీలో పెట్టి, నన్ను పరీక్షలకని తోసుకుపోయింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు వచ్చి, గుండె దివ్యంగా ఉందని, ఏం తిన్నావని అడిగాడు. చిన్న కప్పులో తెల్లటి మందు ఇచ్చారు. ఒకే ఒక్క త్రేన్పుతో ఏనుగు సకుటుంబంగా లేచి వెళ్ళిపోయింది.

ఈ మధ్య కాలమంతా మా అక్క బాతెల్‌లో ఒక కూరగాయల కొట్టు పార్కింగ్‌లో, వానలో, కారు అద్దాలు మూసుకుని కూర్చుని ఉంది. తమ్ముడు ఫోన్ ఎత్తడు, మరదలు ఎత్తదు. ఏం చేస్తుంది. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది.

మామూలు మొక్కులు తేలిగ్గానే తీరాయి. వినాయకుడి కొబ్బరికాయలు వర్జీనియా గుళ్ళో నేనే కొట్టాను. వెంకన్నకి నా తలనీలాలు ఇస్తానందట. నా నెత్తిన మిగిలిన స్థిరాస్తి చెవుల పక్కన రెండు గుప్పెళ్ళు. ఆ చలికాలమే వెళ్ళి సమర్పించుకున్నాను. కల్యాణకట్టలో మంగలి నా తలని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ముందు టీ తాగి వచ్చాడు.

మిగిలింది ఒక్కటే. ఐర్లండ్.

అక్క గుంటూరులో కాన్వెంటు బడిలో చదువుకుంది. లెక్కలు చెప్పే సిస్టరు ఐర్లండు ఆవిడ. వాళ్ళ ఊరి పక్కనుంచి ఒక పాతకాలపు యాత్రాదారి వెళ్తుందట. బండమీద కోట ఉన్న ఊళ్ళో మొదలై, కొండలు దాటి, నది దాటి, సముద్రం ఒడ్డున ఎప్పుడో ఒక సాధువు బతికిన చోట ముగుస్తుంది. కష్టం వచ్చినవాళ్ళు ఆ దారంతా నడుస్తారని సిస్టరు చెప్పేది, పరీక్షలప్పుడు ఆ సాధువు బొమ్మ పిల్లల చేత ముట్టుకోనిచ్చేది. అక్కకి లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. ఆ వానలో, ఆ కారులో, అందరు దేవుళ్ళూ అయిపోయాక ఆ బొమ్మ గుర్తొచ్చింది. నా తమ్ముడు బతికి ఇంటికొస్తే నీ దారి మొత్తం నా కాళ్ళతో నడుస్తాను అంది.

నిజానికి ఆ కాళ్ళలో పనిచేసేది ఒకటే. కుడి మోకాలు అరిగిపోయింది, మార్చెయ్యమని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆపరేషన్ అటూ ఇటూ అయితే మొక్కు ఉండిపోతుందని అక్క ముందు మొక్కు అంది.

నేను ఫోన్‌లో వాదించాను.

"అక్కా, అది గ్యాసే."

"తెలుసు. మీ ఆవిడ అదేరోజు చెప్పింది."

"మరి గ్యాస్‌కి ఇంత మొక్కా?"

"గ్యాస్ తగ్గాలని నేను మొక్కలేదురా. నువ్వు బతకాలని మొక్కాను. బతికావా లేదా?"

"బతికాను."

"మరి నడవాలి."

వర్జీనియా గుడి పూజారి దగ్గరికి వెళ్ళి, దీనికేదైనా ప్రత్యామ్నాయం ఉంటుందేమో చూడమన్నాను. హోమమైనా, అన్నదానమైనా, ఆయన ఏది చెప్పినా సరే అన్నాను. ఆయన అంతా విని, కళ్ళు మూసుకుని తెరిచి, "అది మా డిపార్ట్‌మెంట్ కాదండి. ఆయన దగ్గర మొక్కింది ఆయన దగ్గరే తీర్చాలి" అన్నారు. మా ఆవిడ తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్కటే మాట అంది. "ఆవిడ ఒక్కత్తినే పంపావంటే నేను నీకు అన్నం పెట్టను." అనకపోయినా వెళ్ళేవాణ్ణే. కానీ అనడం వల్ల కాస్త సుఖంగా ఉంది, భార్య బలవంతం మీద వెళ్తున్నట్టు.

పోయిన వేసవిలో అలా నేనూ అక్కా ఆ బండమీది కోట కింద నిలబడ్డాం. పైన గోడలన్నీ ఉన్నాయి, కప్పు లేదు. వందల ఏళ్ళుగా ఆకాశమే కప్పు. అక్క బూట్లు విప్పి మట్టికి దణ్ణం పెట్టి, మళ్ళీ తొడుక్కుని, మోకాలికి పట్టీ బిగించి, చేతికర్ర పట్టుకుని బయల్దేరింది. వెనక నేను. నా వీపున ఉన్న సంచీ బరువు గురించి రాయాలంటే మరో వ్యాసం కావాలి. అందులో అక్క మందులు, అక్క ఐస్ ప్యాకెట్లు, అక్క చేసుకొచ్చిన పులిహోర, ఆపైన నా అపరాధభావం. మొదటి మూడూ రోజురోజుకీ తగ్గుతూ వచ్చాయి.

ఆ దేశంలో వానకి కుడి ఎడమలు కూడా ఉన్నాయి. పైనుంచి కురిసేది పరిచయానికి మాత్రమే. తర్వాత పక్కనుంచి వస్తుంది, ఆ తర్వాత కిందనుంచి ప్యాంటులోకి ఎక్కుతుంది. పొలాలకి రాతిగోడలు, గోడలమీద నాచు, గోడల అవతల గొర్రెలు. ఆ గొర్రెలు నన్ను చూసిన చూపు చెబుతున్నాను, నా స్కూలు హెడ్మాస్టరు కూడా అంత హీనంగా చూడలేదు. వాటికి సంగతి తెలిసిపోయిందని నాకు గట్టి నమ్మకం. గోడ వచ్చిన ప్రతిచోటా దాటడానికి చెక్కమెట్లు ఉంటాయి. అక్క మెట్టెక్కి, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి అవతల పెట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, దిగేది. నేను ఆ క్షణంలో గొర్రెల వైపు చూసేవాణ్ణి.

"నొప్పిగా ఉందా అక్కా?"

"లేదు."

"పోనీ కాసేపు ఆగుదామా?"

"ఒరేయ్, నువ్వు అడిగినప్పుడల్లా నొప్పెడుతోంది. అడక్కు."

ఒక మధ్యాహ్నం దారిలో చిన్న పవిత్ర బావి వచ్చింది. రాళ్ళు పేర్చిన గుంట, పక్కన ముళ్ళచెట్టు, కొమ్మలనిండా జనం కట్టిన గుడ్డపీలికలు. అక్కడ ఒక ముసలాయన బావి చుట్టూ తిరుగుతున్నాడు, సూర్యుడు తిరిగే వైపు, పెదాలు కదుపుతూ. అక్కకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. "ప్రదక్షిణలే" అని ఆయన వెనకే మొదలుపెట్టింది. ఆవిడ వెనక నేను. ముగ్గురం గుండ్రంగా తిరిగాక ఆయన టోపీ సర్దుకుని అక్కని పలకరించాడు.

"ఎవరి కోసం నడుస్తున్నావమ్మా?"

అక్కడ అది మామూలు ప్రశ్నేనట, మనం ఏ ఊరని అడిగినట్టు. అక్క నన్ను చూపించింది. ఆయన నన్ను తల నుంచి కాళ్ళదాకా, మధ్యలో పొట్ట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, పరిశీలించాడు.

"ఏమైంది ఇతనికి?"

నేను నోరు తెరిచాను. బజ్జీ అనే మాటకి ఇంగ్లీషు వెతుకుతూ ఉండిపోయాను.

"గుండె" అంది అక్క.

ల్యాబ్‌లో చుక్క తేడా వస్తే పారబోసే మా అక్క. ఆ ఒక్క మాటా అని, వంగి బూటు తాడు కట్టుకుంది. ముసలాయన టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని, తన ప్రార్థనలో నన్నూ కలుపుకుంటానన్నాడు. మంచి మనిషి. ఇవాళ్టికీ ఎక్కడో ఐర్లండులో ఒక పెద్దాయన నా గ్యాస్ కోసం సాధువుని బతిమాలుతూ ఉండి ఉంటాడు.

కాస్త దూరం పోయాక అడిగాను, "ఎందుకే అలా చెప్పావు?"

"మరేం చెప్పను? నా తమ్ముడు తిండిపోతు అని చెప్పనా, పరాయి దేశంలో?"

ఆ రాత్రి బసలో నాకు అన్నం దిగలేదు. ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. నన్ను ఎరిగినవాళ్ళు దీన్ని భూకంపంతో సమానంగా భావించాలి.

కొండలమీదికి ఎక్కిన రోజు అక్క మామూలుకన్నా ముందే లేచి, మామూలుకన్నా తక్కువ మాట్లాడింది. మోకాలు చిన్న గుమ్మడికాయంత ఉంది. నేను పెంచి చెప్పడం లేదు, పట్టీ రెండు కొసలూ కలవలేదు. పైన గాలి. నేలంతా నల్లటి బురదనేల, కాలు పెడితే లోపలికి దిగబడుతుంది, తీస్తే ముద్దు పెట్టినట్టు చప్పుడు. ఒక ఇనుప గేటు దగ్గరికి వచ్చేసరికి అక్క గేటు పట్టుకుని ఆగింది. గేటు తీశాను. ఆవిడ కదల్లేదు.

"రావే."

"ఉండరా. కాలు రానంటోంది."

పక్కనున్న గోడమీద కూర్చోబెట్టి ఐస్ ప్యాకెట్ పెట్టాను. అది ఎప్పుడో కరిగి, వేడినీళ్ళ సంచీలా ఉంది. పొగమంచు దిగుతోంది. లేవబోయింది, లేవలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించింది.

"నేను మోస్తాను అక్కా. వీపుమీదెక్కు."

"నువ్వు మోస్తే నిజంగానే గుండె ఆగుతుంది. మళ్ళీ ఇంకో దారి వెతుక్కుని మొక్కాలి. నా వల్ల కాదు."

నవ్వుతుందనుకుని ఆవిడ వైపు చూశాను. నవ్వడం లేదు. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, అవి నొప్పివి కావు. మోకాలిమీద చెయ్యి వేసుకుని, తెరిచి ఉన్న ఆ గేటు అవతలి దారిని చూస్తోంది. బజారుకి డబ్బుతో వెళ్ళి, దారిలో పారేసుకున్న చిన్నపిల్ల మొహం అది. ఆ మొహం అక్కకి ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. పారేసింది నేను.

మేం బస చేసిన ఇంటావిడకి ఫోన్ చేశాను. ఆవిడ పాత జీపొకటి వేసుకుని దారికడ్డమొచ్చిన గొర్రెల్ని పక్కకి తోలుకుంటూ పైకి వచ్చింది. అక్క ఎక్కేముందు ఆ గేటుకి ఫోటో తీయమంది.

"ఎందుకు?"

"ఎక్కడ ఆగానో గుర్తుండాలిగా."

జీపులో కొండదిగుతున్నంతసేపూ వెనక్కి తిరిగే కూర్చుంది.

రెండు రోజులు పడుకుంది. ఇంటావిడ పచ్చిబఠానీల సంచులు ఫ్రిజ్‌లోంచి తెచ్చి మోకాలికి వేస్తూ ఉండేది. ఆ తర్వాత నది అవతలినుంచి సముద్రందాకా దారి బల్లపరుపే గనక, అక్క కర్రమీద ఆనుకుని, ఆగి ఆగి, మిగతాదంతా నడిచేసింది. సముద్రం కనబడ్డచోట నిలబడి దణ్ణం పెట్టుకుంది. కానీ నాకు తెలుసు, ఆవిడ లెక్కలో అది చివర కాదు. గేటు నుంచి నది మీది వంతెనదాకా ఒక ముక్క మిగిలిపోయింది.

ఆ ముక్క నేను నడిచాను. అక్క మంచంలో ఉన్న రెండో ఉదయం, చెప్పకుండా, ఇంటావిడని బతిమాలి జీపులో ఆ గేటు దగ్గరికి వెళ్ళి, వంతెనదాకా నడిచి, మధ్యాహ్నం భోజనానికి వెనక్కి వచ్చేశాను. తడి బూట్లతో గది గుమ్మంలో నిలబడి చెప్పాను.

"అయిపోయింది అక్కా. నీ బదులు నేను నడిచేశాను. ఇక మొక్కు తీరినట్టే."

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మంచి పని చేశావు. నీది నువ్వు నడిచావు. నాది అక్కడే ఉంది."

"అది కాదే, అక్కడ..."

"ఎలా ఉందో చెప్పకు. నేను చూసుకుంటాను."

అలా ఆ ముక్క ఎలా ఉంటుందో మా ఇద్దరిలో నా ఒక్కడికే తెలుసు. ఇంటికొచ్చాక హెర్న్‌డన్ పాట్‌లక్‌లో అందరూ నా చుట్టూ చేరారు. కొండల గురించి చెప్పు, గొర్రెల గురించి చెప్పు అన్నారు. చెప్పాను. గొర్రెలు దున్నపోతులయ్యాయి, బురద నడుముదాకా వచ్చింది, అందరూ పడీ పడీ నవ్వారు. గేటు దగ్గరికి వచ్చేసరికి నాకు పెరుగు గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

చలికాలం మొదట్లో అక్క మోకాలి ఆపరేషన్‌కి ముందు నేను బాతెల్ వెళ్ళాను. ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మని కలవడానికి తీసుకెళ్ళాను. ఆవిడ చురుకైన మనిషి. ఎక్స్‌రే చూపించి, ఎముకకి ఎముక ఎలా రాసుకుంటోందో చెప్పి, ఈ వేసవిలో దీన్ని ఎవరో బాగా హింసపెట్టారే అంది. గదిలో ఉన్న పాదాల బొమ్మల పటాన్ని నేను చాలా శ్రద్ధగా చదివాను. తర్వాత ఆవిడ అందరినీ అడిగే ప్రశ్న అడిగింది. కొత్త మోకాలు వచ్చాక ఏం చెయ్యాలనుకుంటున్నారు?

తోటపని అంటారట జనం. మనవలతో ఆట అంటారట. అక్క ఫోన్ తీసి గేటు ఫోటో చూపించి, ఇక్కణ్ణుంచి ఒక వంతెనదాకా అంది.

డాక్టరమ్మ ఫోటోని పెద్దది చేసి చూసింది. "కొండదారులకి నేను అందరికీ సరే అనను. ఎంత ఎత్తు, ఎలాంటి నేల అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది ఎలా ఉంటుంది?"

"నాకు తెలియదు. వీడు నడిచాడు" అని అక్క నా వైపు తిరిగింది.

ఇలాంటి అవకాశం నా వంటివాడికి జన్మకొకసారి కూడా రాదు. ఒక్క నిమిషం నా నోటిని దాని మానాన వదిలేస్తే చాలు. నిలువెత్తు రాళ్ళు, అగాధాలు, ఒక కాలు జారితే తేలేది సముద్రంలోనే. డాక్టరమ్మ అక్కడికక్కడే వద్దనేసేది. డాక్టరే వద్దన్నప్పుడు సాధువు మాత్రం ఏమంటాడు. అక్క మోకాలు మిగిలేది, నేను ఆ గేటు నుంచి బయటపడేవాణ్ణి. అబద్ధం నోట్లో తయారుగా ఉంది, వేడి వేడిగా, ఉప్పూకారం సరిపోయి.

అక్క నా మొహంలోకి చూస్తోంది. రుజువు అడిగే చూపు కాదు.

"చిన్నదే" అన్నాను. "గేటు దాటగానే కొంచెం ఎత్తు ఉంటుంది, మా వీధి చివర ఉన్నంత. ఆ పైనంతా దిగుడే. గడ్డినేల, బురద ఒక్కచోట, దానిమీద పలకలు వేశారు. మధ్యలో కూర్చోడానికి గోడ ఉంది. గేటు దగ్గర ఆగకుండా ఉంటే, ఆ ఎత్తు ఎక్కగానే వంతెన కనబడుతుంది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అక్క ఫోన్ వైపు చూసుకుంది. అంత దగ్గరా అని అడగలేదు. ఫోన్ చీకటైపోయాక కూడా చూస్తూనే ఉంది.

డాక్టరమ్మ ఏదో టైప్ చేసుకుని, ఫిజికల్ థెరపీ బాగా చేస్తే పైవేసవికి ఆలోచించవచ్చంది. అక్క ఆవిడకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

బయట వాన పడుతోంది. కారు తలుపు తీసి పట్టుకున్నాను. అక్క ముందు సీట్లో కూర్చుని, ఎడమకాలు లోపల పెట్టుకుని, కుడికాలిని రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి తెచ్చుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఈసారి చూడ్డానికి చుట్టుపక్కల గొర్రెలేమీ లేవు.

"నువ్వూ రావాలిరా" అంది కళ్ళు తెరిచి. "సెలవు ఇప్పుడే అప్లై చేసి పెట్టు."

"పెడతాను" అన్నాను, తలుపు మెల్లిగా మూస్తూ.